వీధి చివరి దుకాణం – అంతర్జాల చిరునామా

వస్తువును అమ్మేవారికీ, సేవను అమ్మేవారికీ ఒక ముఖ్యమైన భేదం ఉన్నది. బియ్యం, బట్టలు, బిందెలు అంగడిలో కంటికి కనబడతాయి. కొనదలచినవారు చేతితో తాకి, బేరమాడి, నచ్చితే తీసుకుంటారు. కాలిపోయిన నీటి మోటారుకు తీగ చుట్టేవాని నైపుణ్యం గాని, రవికె కుట్టే దర్జీ పనితనం గాని దారిన పోయేవారికి కనబడవు. పని చేయించుకున్న తరువాతనే దాని మంచిచెడ్డలు తెలుస్తాయి. కనుక సేవావృత్తులలో ఉన్నవారి వద్దకు వినియోగదారుడు ముందుగా నమ్మకంతో రావలసిందే. ఆ నమ్మకం ఎక్కడినుంచి వస్తుంది? నిన్నమొన్నటి వరకు అది ఇరుగుపొరుగువారి నోటినుంచి వచ్చేది.

విజయనగరం వంటి పాత పట్టణంలో ఈ ఏర్పాటు చాలాకాలం చక్కగా సాగింది. గంటస్తంభం దగ్గర నిలబడి మంచి గడియారం బాగుచేసేవాడెవరని అడిగితే నలుగురూ ఒక్క పేరే చెప్పేవారు. మూడులాంతర్ల దగ్గర అడిగినా, అయ్యకోనేరు గట్టున అడిగినా, ఉల్లివీధిలో అడిగినా చిరునామా దొరికేది. ఆ చిరునామాకు ఇంటి నంబరు ఉండేది కాదు. "గుడి దాటాక రెండో సందు, వేపచెట్టు ఎదురుగా" అంటే చాలు. కొత్తగా దుకాణం పెట్టినవారు కరపత్రాలు పంచేవారు. గోడలమీద పేరు వ్రాయించేవారు. కాస్త డబ్బున్నవారు సినిమాహాలులో స్లైడు వేయించేవారు, ఆటోకు మైకు కట్టి ఊరంతా తిప్పేవారు. ఇవన్నీ నాలుగు రోజుల ముచ్చట. మైకు ఆగగానే మాట మరుపున పడేది. కరపత్రం పకోడీల పొట్లమయ్యేది.

ఇప్పుడు ఊరు మారింది. 2011 జనాభా లెక్కల నాటికే విజయనగరం జనాభా రెండు లక్షలు దాటింది. ఊరి చుట్టూ కొత్త కాలనీలు వెలిశాయి. ఉద్యోగరీత్యా వచ్చి అద్దె ఇంట్లో దిగినవారికి వేపచెట్టు ఏదో తెలియదు, అడగడానికి పాత పరిచయస్థులూ ఉండరు. ఇంకొక మార్పు కూడా గమనించదగినది. ఉత్తరాంధ్ర నుంచి చదువులకూ ఉపాధికీ హైదరాబాదుకో చెన్నైకో వెళ్లినవారు వేలాదిగా ఉన్నారు. ఇంటివద్ద ఉన్న తల్లిదండ్రులకు ఫ్యాను తిరగడం లేదని తెలిస్తే కొడుకో కూతురో అక్కడ కూర్చునే ఇక్కడి ఎలక్ట్రీషియన్‌ను వెదుకుతారు. 2016 సెప్టెంబరులో జియో సేవలు మొదలై డేటా ధరలు పడిపోయిన తరువాత ఈ వెదుకులాట సెల్‌ఫోనులోనే జరుగుతున్నది. మన వీధి ఎలక్ట్రీషియన్ పేరు ఆ ఫోనులో లేకపోతే ఏమవుతుంది? సుమారు 60 కిలోమీటర్ల దూరంలోని విశాఖపట్నంలో ఉన్నవారి పేరు కనబడుతుంది. లేదా మధ్యవర్తి సంస్థ పేరు కనబడుతుంది. మధ్యవర్తి పనిని ఇక్కడివానికే అప్పగించవచ్చు, కాని కూలిలో తన వాటా తీసుకొని మరీ అప్పగిస్తాడు. పనిమంతుడు ఊళ్లోనే ఉంటాడు, పని చేయించుకొనేవారూ ఊళ్లోనే ఉంటారు, ఇద్దరికీ నడుమ దారి మాత్రం మరొకరి గుమ్మం మీదుగా పోతుంది. పేద వృత్తిదారునికి ఇది చిన్న నష్టం కాదు.

ఈ నష్టాన్ని తప్పించుకొనేందుకు పైసా ఖర్చులేని ఉపాయం ఒకటి ఉన్నది. అంతర్జాలంలోని స్థానిక వ్యాపారాల జాబితాలో పేరు నమోదు చేసుకోవడమే ఆ ఉపాయం.

జాబితాలు కొత్తవేమీ కావు. 1878 ఫిబ్రవరిలో అమెరికాలోని న్యూహేవెన్ నగరంలో ఒక టెలిఫోన్ సంస్థ తన చందాదారుల పేర్లను అచ్చువేసింది. అది ఒకే ఒక కాగితం. అందులో ఉన్నవి సుమారు 50 పేర్లు. ఫోను నంబర్లు కూడా లేవు, పేరు చెబితే ఆపరేటరు కలిపేవాడు. విశేషమేమిటంటే ఆ ఒక్క కాగితంలోనే వైద్యులు, దుకాణాలు, గృహాలు అంటూ వర్గాలు విడదీశారు. వృత్తినిబట్టి వెదకడం అనే ఆలోచన ఆ తొలినాటి టెలిఫోన్ జాబితాలోనే ఉన్నదన్నమాట. తరువాత లావుపాటి డైరెక్టరీలు, వ్యాపారులకు ప్రత్యేకంగా పసుపుపచ్చని పుటలు వచ్చాయి. మనదేశంలో 1996లో వి.ఎస్.ఎస్. మణి ముంబయిలో జస్ట్‌డయల్ సంస్థను ప్రారంభించారు. ఒక నంబరుకు ఫోను చేసి ఫలానా పనివాడు కావాలని అడిగితే చిరునామా చెప్పడం దాని పని. 2007లో అదే సంస్థ వెబ్‌సైటు తెరిచింది. అందులో ఉచితంగానూ పేరు నమోదు చేసుకోవచ్చు, డబ్బు చెల్లించినవారికి పేరు ముందువరుసలో కనబడే ఏర్పాటూ ఉన్నది.

2005లో గూగుల్ మ్యాప్స్ రావడంతో జాబితాకు పటం తోడయింది. చిరునామాను చదివి ఊహించుకోవలసిన అవసరం పోయి, వీధిని కంటితో చూసే అవకాశం కలిగింది. అయితే మొదటి రోజులలో భారతదేశపు చిన్న పట్టణాల వీధులు ఆ పటాలలో లేవు. పెద్ద రహదారులే ఉండేవి. ఈ లోటును తీర్చడానికి 2008లో 'మ్యాప్ మేకర్' అనే సాధనం వచ్చింది. తమ ఊరి వీధులను, బడులను, గుడులను ఊరివారే పటంమీద గీసి పేర్లు వ్రాసే వీలు అది కల్పించింది. దీని రూపకల్పనలో ప్రధానపాత్ర వహించినవారు మన తెలుగువారైన లలితేశ్ కట్రగడ్డ. 2017లో ఆ సాధనాన్ని మూసివేశారు గాని, అప్పటికే వేలాది సామాన్యులు దానితో వీధులకు పేర్లు పెట్టారు. మనం నేడు ఫోనులో చూసే పటం వెనుక ఇటువంటి వారి శ్రమ ఎంతో ఉన్నది.

ఆ పటంమీద తన దుకాణాన్ని తానే నమోదు చేసుకొనే ఉచిత సౌకర్యాన్ని నేడు 'గూగుల్ బిజినెస్ ప్రొఫైల్' అని పిలుస్తున్నారు. 2010లో దీని పేరు 'గూగుల్ ప్లేసెస్', 2014లో 'గూగుల్ మై బిజినెస్', 2021 నుంచి ప్రస్తుతపు పేరు. పేర్లు మారినా పని ఒక్కటే. దుకాణం పేరు, వృత్తి, స్థానం, ఫోను నంబరు, తెరిచి ఉండే వేళలు, కొన్ని ఛాయాచిత్రాలు, పని చేయించుకున్నవారి అభిప్రాయాలు ఒకే పుటలో కనబడతాయి.

నమోదు చేయడం కష్టమైన పని కాదు. పదవ తరగతి చదివినవారు ఒక గంటలో చేయగలరు. చిక్కు ఉన్నది వివరాలను సరిగా ఇవ్వడంలో. మొదటి చిక్కు మన ఊరి పేరులోనే ఉన్నది. ఆంగ్లేయుల కాలం నుంచి విజయనగరాన్ని ఆంగ్లంలో 'జెడ్' అక్షరంతో వ్రాస్తున్నారు. కొందరు ఉచ్చారణనుబట్టి 'జె' అక్షరంతో వ్రాస్తారు. అలా వ్రాసి వెదికితే హంపీ విజయనగరం తగలవచ్చు. బెంగుళూరులోనూ హైదరాబాదులోనూ విజయనగర్ పేరుగల పేటలు ఉన్నాయి. పైగా 2021లో కర్ణాటకలో హొసపేటె కేంద్రంగా విజయనగర అనే జిల్లాయే ఏర్పడింది. కనుక చిరునామాలో 535001, 535002, 535003 వంటి మన పిన్‌కోడును, రాష్ట్రం పేరును తప్పక వ్రాయాలి. అన్నిటికన్న ముఖ్యమైనది పటంమీద గుర్తును సరిగా తన గుమ్మం ముందు ఉంచడం. గుర్తు వంద గజాలు జరిగితే వినియోగదారుడు పక్క వీధిలో తిరిగి తిరిగి వెనుకకు పోతాడు.

జిల్లాల సరిహద్దులు మారినచోట మరొక జాగ్రత్త అవసరం. 2022 ఏప్రిల్ 4న పార్వతీపురం మన్యం జిల్లా ఏర్పడింది. శ్రీకాకుళం జిల్లాలోని పాలకొండ ఆ కొత్త జిల్లాలో చేరింది. రాజాం శ్రీకాకుళం నుంచి విజయనగరం జిల్లాకు మారింది. అంతకుముందు నమోదైన చిరునామాలలో పాత జిల్లా పేరు మిగిలి ఉంటే వాటిని సరిదిద్దుకోవాలి. ఇంటి నంబరుతోపాటు ఊరివారు వాడే ఆనవాలు కూడా వ్రాయడం మంచిది. ఇటువంటి పేర్లకు ఆయుష్షు ఎక్కువ. గురజాడ 'కన్యాశుల్కం' నాటకం ఆరంభమయ్యే బొంకులదిబ్బ పేరు నేటికీ విజయనగరంలో వినబడుతూనే ఉన్నది. మునిసిపాలిటీ ఇచ్చిన ఇంటి నంబరుకన్న ఇటువంటి పేరు చెబితేనే ఆటోవానికి దారి తెలుస్తుంది.

రెండవది వృత్తి పేరు. నమోదు చేసేటప్పుడు ఒక పట్టిక నుంచి ప్రధానమైన వర్గాన్ని ఎంచుకోవాలి. దానికి అదనంగా మరికొన్ని వర్గాలను చేర్చుకోవచ్చు. ఇక్కడ చాలామంది తమ హోదాకు తగినట్లు పెద్దపేర్లు ఎంచుకుంటారు. వెదికేవారు మాత్రం తమకు నోటికి వచ్చిన మాటతోనే వెదుకుతారు. "ఎలక్ట్రో మెకానికల్ ఇంజనీరింగ్ వర్క్స్" అని పేరు పెట్టుకున్నవాని దగ్గర గ్రైండరు బాగవుతుందని ఎవరికి తోస్తుంది? కొందరు తెలుగు లిపిలో వెదుకుతారు, కొందరు తెలుగు మాటనే ఆంగ్ల అక్షరాలలో వ్రాస్తారు. సేవల వివరణలో "మోటారు వైండింగ్, మిక్సీ, గ్రైండరు, టేబుల్ ఫ్యాను రిపేరు" అని తేటగా వ్రాస్తే ఇద్దరికీ అందుతుంది. అయితే దుకాణం పేరులోనే ఈ మాటలన్నీ గుప్పించడం నిబంధనలకు విరుద్ధం. బోర్డుమీద ఏ పేరు ఉన్నదో ఆ పేరే ఇవ్వాలి.

ఉచిత జాబితావల్ల ఎక్కువ మేలు పొందేది ఎవరు? నా అభిప్రాయంలో ఊరంతటిలో ఒకరో ఇద్దరో మాత్రమే చేయగల పనిని చేసేవారు. ఇందుకు మన ప్రాంతం నుంచే చక్కని ఉదాహరణ ఉన్నది. విజయనగరంలో 1919లో స్థాపించిన సంగీత కళాశాల ఉన్నది. ఆదిభట్ల నారాయణదాసుగారు దాని తొలి అధ్యక్షులు. బొబ్బిలి దగ్గరి గొల్లపల్లిలో పనసకర్రతో వీణలు చేసే కుటుంబాలు ఉన్నాయి. వీణ కొనడం జీవితంలో ఒకసారి జరిగే పని. దానిని బాగుచేయించడం మళ్లీ మళ్లీ వచ్చే పని. వీణకు ఉండే 24 మెట్లను మైనంమీద అమరుస్తారు. కాలం గడిచేకొద్దీ మైనం గట్టిపడుతుంది, ఎండకు కదులుతుంది, స్వరస్థానం తప్పుతుంది. అప్పుడు మైనం తీసివేసి చెవితో వింటూ ఒక్కొక్క మెట్టును తిరిగి నిలపాలి. ఈ పని అందరు వడ్రంగులూ చేయలేరు, చెవి ఉన్న వడ్రంగి కావాలి. ఎక్కడో రూర్కెలాలోనో రాయ్‌పూరులోనో ఉన్న తెలుగు కుటుంబంలో అమ్మమ్మగారి వీణ గోడకు ఆనించి ఉన్నదనుకోండి. దానిని బాగుచేసేవారు ఎక్కడ ఉన్నారో వారికెలా తెలుస్తుంది? వీణలు అమ్మే పెద్ద దుకాణాల పేర్లు వారికి సులభంగానే దొరుకుతాయి. బాగుచేసే చేతులు గొల్లపల్లిలోనో విజయనగరంలోనో ఉంటే, వాటి చిరునామా ఎవరో ఒకరు వ్రాసిపెట్టాలి. "వీణ మెట్లు అమర్చడం" అనే రెండు మూడు మాటలు, ఒక ఫోను నంబరు, పని సాగుతుండగా తీసిన రెండు ఛాయాచిత్రాలు ఉంటే ఆ కుటుంబం ఫోను చేస్తుంది. ఇటువంటి పనికి పోటీదారులు తక్కువ. వెదికేవారూ తక్కువే కావచ్చు. కాని వెదికిన ప్రతివారూ పని ఇచ్చేవారే.

దుకాణమే లేనివారి సంగతి వేరు. ప్లంబరు, రంగులు వేసేవాడు, సన్నాయి మేళంవారు వినియోగదారుని ఇంటికే వెళ్లి పనిచేస్తారు. వీరు చిరునామాను కనబడకుండా ఉంచి, తాము ఏయే ప్రాంతాలకు వెళ్లగలరో మాత్రమే చూపవచ్చు. విజయనగరం, నెల్లిమర్ల, గజపతినగరం, కొత్తవలస అని పేర్కొంటే ఆ ఊళ్లవారికి అర్థమవుతుంది. ఇంట్లోనే బట్టలు కుట్టే మహిళలకు ఈ సంగతి మరీ ముఖ్యం. కొలతలు ఇవ్వడానికి వారి ఇంటికే రావలసి ఉన్నందున చిరునామా పూర్తిగా దాచడం కుదరకపోవచ్చు. అయినా ఇంటి నంబరును బహిరంగంగా పెట్టి ముక్కూమొహం తెలియనివారిని గుమ్మంలోకి రప్పించుకోవడంకన్న, పేట పేరు మాత్రం తెలిసేటట్లు చేసి, ఫోనులో మాట్లాడిన తరువాత దారి చెప్పడం క్షేమం. సొంత ఫోను నంబరుకు బదులు పనికోసం వేరొక నంబరు ఉంచుకోవడం ఇంకా మంచిది. పేరు పదిమందికీ తెలియాలన్నది నిజమే గాని, ఇంటి గుట్టు పదిమందికీ తెలియనక్కరలేదు.

వివరాలన్నీ ఇచ్చిన తరువాత ధ్రువీకరణ జరుగుతుంది. పూర్వం గూగుల్ సంస్థ ఒక సంకేతసంఖ్య ఉన్న పోస్టుకార్డును చిరునామాకు పంపేది. కార్డు వచ్చేవరకు రోజులతరబడి ఎదురుచూడవలసి వచ్చేది. ఇప్పుడు ఎక్కువగా వీడియో ద్వారా ధ్రువీకరిస్తున్నారు. వీధిని, బోర్డును, లోపలి పనిముట్లను ఆపకుండా ఒకే వీడియోగా తీసి పంపాలి. తాళంచెవితో తలుపు తెరవడం, రసీదు పుస్తకం చూపడం వంటివి ఆ దుకాణం తనదేనని నిరూపిస్తాయి.

ఇక్కడ విద్యార్థులకు ఒక మాట చెప్పవలసి ఉన్నది. మన ఊళ్లలో దర్జీగారో సైకిలు షాపు బాబాయిగారో తమంతట తాము ఈ నమోదు చేసుకోవడం అరుదు. ఇంటర్మీడియట్ చదివే మేనల్లుడో, పక్కింటి అమ్మాయో, జెరాక్సు షాపు కుర్రవాడో చేసిపెడతారు. అది మంచిదే. కాని తరచుగా తమ సొంత ఈమెయిలు ఖాతాతో చేసిపెడతారు. రెండేళ్లకు మేనల్లుడు ఉద్యోగానికి బెంగుళూరు వెళతాడు, ఆ ఖాతా సంకేతపదం మరచిపోతాడు. బాబాయిగారు దుకాణం పక్క వీధికి మారుస్తారు, ఫోను నంబరూ మారుతుంది. ఆ పుటలో మాత్రం పాత వీధి, పాత నంబరు అలాగే ఉంటాయి. చిరునామా లేకపోవడంకన్న తప్పుడు చిరునామా ఎక్కువ హాని చేస్తుంది. వచ్చినవాడు మూసిన తలుపు చూసి దుకాణం ఎత్తివేశారని నలుగురికీ చెబుతాడు. కనుక యజమాని పేరుతో, యజమాని ఫోనుతో ముడిపడిన ఖాతాను తెరిచి, అందులోనే నమోదు చేయాలి. సహాయం చేసేవారు 'మేనేజరు'గా చేరవచ్చు. అలా చేరితే వివరాలు సరిదిద్దే వీలు ఉంటుంది, యాజమాన్యం మాత్రం అసలు యజమాని దగ్గరే ఉంటుంది. సంకేతపదాన్ని ఆయన లెక్కల పుస్తకంలో వ్రాసి ఇవ్వండి. కంప్యూటరు నిపుణులు ఈ సలహాకు ముఖం చిట్లించవచ్చు గాని, మరచిపోయిన ఖాతాకన్న పుస్తకంలోని మాట మేలు.

తెరిచి ఉండే వేళలను చాలామంది చిన్న విషయంగా భావిస్తారు. కాని వినియోగదారుడు ముందుగా చూసేది అదే. మధ్యాహ్నం భోజనానికి దుకాణం మూసే అలవాటు ఉంటే ఆ సంగతి చూపాలి. పండుగ రోజులకు ప్రత్యేక వేళలు తెలిపే సదుపాయం కూడా ఉన్నది. విజయదశమి తరువాత వచ్చే మంగళవారం నాడు పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం జరుగుతుంది. లక్షలాది జనం వస్తారు. మూడులాంతర్ల నుంచి కోట వరకు ఆ రోజు కాలు పెట్టే చోటు ఉండదు. ఆ దారిలోని దర్జీ దుకాణం తెరిచినా ఎవరూ రాలేరు, కనుక ఆనాడు సెలవు అని ముందుగా చూపడం మర్యాద. అదే రోజున సెల్‌ఫోను బాగుచేసేవానికి, పంక్చరు వేసేవానికి, సామాను భద్రపరిచే గది అద్దెకిచ్చేవానికి విరామం ఉండదు. పొరుగూళ్లనుంచి వచ్చినవారు ఎవరినీ అడగలేని ఆ సందడిలో ఫోనునే అడుగుతారు. "రాత్రి పదకొండు వరకు తెరిచి ఉంటుంది" అన్న ఒక్క వాక్యం ఆనాటి సంపాదనను నిర్ణయిస్తుంది.

జాబితాలో పదిమంది ఉంటే ఎవరి పేరు ముందు వస్తుంది? గూగుల్ సంస్థ చెప్పేది మూడు అంశాలు. అడిగిన పనికి, చేసే పనికి ఉన్న సంబంధం మొదటిది. వెదికేవానికి దుకాణం ఎంత దూరంలో ఉన్నదన్నది రెండవది. ఆ దుకాణానికి ఉన్న ప్రసిద్ధి మూడవది. డబ్బు చెల్లించి ఈ సహజ వరుసలో పైకి రావడం సాధ్యం కాదు, ప్రకటనలు వేరు. దూరం అన్న అంశం చిన్నవానికి అనుకూలం. విశాఖపట్నంలోని పెద్ద సంస్థకన్న తోటపాలెంలోని చిన్న దుకాణం తోటపాలెంవారికి దగ్గర. దీనిని మార్చడం ఏ పెద్ద సంస్థకూ సాధ్యం కాదు. కాబట్టి చిన్న వృత్తిదారుడు ఊళ్లన్నిటినీ గెలవాలని చూడక, తన పేటను గెలవాలని చూడటం తెలివైన పని.

ప్రసిద్ధి విషయానికి వస్తే, పని చేయించుకున్నవారు వ్రాసే అభిప్రాయాలే దానికి ముఖ్యాధారం. పూర్వపు నోటిమాటే ఇప్పుడు వ్రాతమాట అయింది. ఒక తేడా మాత్రం ఉన్నది. నోటిమాట నాలుగు రోజులకు మాసిపోతుంది, వ్రాతమాట ఏళ్లతరబడి నిలుస్తుంది. "అడగందే అమ్మయినా పెట్టదు" అన్నట్లు, పని నచ్చినవారిని రెండు మాటలు వ్రాయమని అడగడంలో తప్పు లేదు. బహుమతి ఇస్తాననో కూలి తగ్గిస్తాననో చెప్పి వ్రాయించడం తప్పు, నిబంధనలకు విరుద్ధం కూడా. బంధువులచేత పొగిడించుకోవడం మరొక దురభ్యాసం. ఒకే రోజున ఇరవైమంది "అద్భుతం" అని వ్రాస్తే చదివేవారు నవ్వుకుంటారు. ఇటువంటి నకిలీ అభిప్రాయాల బెడద ఎక్కువైనందునే భారతీయ ప్రమాణాల సంస్థ 2022 నవంబరులో ఐ.ఎస్. 19000 అనే ప్రమాణాన్ని ప్రకటించింది. అంతర్జాలంలో వినియోగదారుల అభిప్రాయాలను ఎలా సేకరించాలి, ఎలా పరిశీలించాలి, ఎలా ప్రచురించాలి అన్నది దాని విషయం.

చెడు అభిప్రాయం వచ్చినప్పుడు ఏం చేయాలి? చాలామంది కోపగించుకుంటారు, లేదా పట్టనట్లు ఊరుకుంటారు. రెండూ నష్టమే. "రవికె చెప్పిన రోజుకు ఇవ్వలేదు" అని ఒకరు వ్రాశారనుకోండి. "అమ్మా, ఆ వారం కరెంటు కోతవల్ల ఆలస్యమైంది, ముందుగా ఫోను చేయకపోవడం మా పొరపాటు. ఈసారి చెప్పిన రోజుకే ఇస్తాము" అని జవాబు వ్రాస్తే, ఆ జవాబును ఫిర్యాదు చేసినామెకన్న తరువాత వచ్చే పదిమంది శ్రద్ధగా చదువుతారు. తప్పు జరగని దుకాణం ఉండదని వారికీ తెలుసు. తప్పు జరిగినప్పుడు ఇతడు ఎలా మాట్లాడతాడన్నదే వారు చూస్తారు. అయితే జవాబులో చెప్పిన మాట నిలబడాలి. మాట నిలబెట్టుకోలేనివానికి జాబితా మేలు చేయదు, అతని నిర్లక్ష్యాన్ని ఎక్కువమందికి తెలియజేస్తుంది.

ఉచితమైన చోటికి మోసగాళ్లు కూడా ఉచితంగానే వస్తారు. పేరు నమోదైన కొద్దిరోజులకే "గూగుల్ నుంచి మాట్లాడుతున్నాము, మీ దుకాణాన్ని మొదటి వరుసలో పెడతాము, ఇన్ని వేలు పంపండి" అని ఫోన్లు రావడం సాధారణం. ఈ సేవకు రుసుము లేదు, కనుక రుసుము అడిగేవాడు సంస్థకు చెందినవాడు కాడు. ఫోనుకు వచ్చిన సంకేతసంఖ్యను ఎవరికీ చెప్పకూడదు, చెబితే పుట వారి చేతికి పోతుంది. ఇంకొక మోసం వినియోగదారులవైపు ఉన్నది. పటంమీద బ్యాంకుల పేరుపక్కన తమ సొంత ఫోను నంబరు చేర్చి, ఫోను చేసిన అమాయకులనుంచి ఖాతా వివరాలు రాబట్టిన ముఠాలు గతంలో బయటపడ్డాయి. సామాన్యుల సవరణలను అనుమతించే పటంలో మంచివారి శ్రమతోపాటు ఇటువంటి కీడు కూడా చొరబడుతుంది. అందుకే యజమాని తన పుటలోని ఫోను నంబరును నెలకొకసారి తానే చూసుకోవాలి. మోసపోయినవారు వెంటనే 1930 నంబరుకు ఫిర్యాదు చేయాలి. ఎంత ముందుగా చేస్తే డబ్బును నిలిపివేసే అవకాశం అంత ఎక్కువ.

ఉచితం అన్న మాటకు మరొక అర్థం కూడా ఉన్నది. అది మనది కాదు. 2017లో గూగుల్ సంస్థ చిన్న వ్యాపారులకు ఉచితంగా చిన్న వెబ్‌సైట్లు తయారుచేసుకొనే వీలు కల్పించింది. ఎందరో తమ బోర్డులమీద, చిరునామా కార్డులమీద ఆ వెబ్‌సైటు పేరు వ్రాయించుకున్నారు. 2024 మార్చిలో ఆ సౌకర్యాన్ని నిలిపివేశారు. అదే సంవత్సరం జులైలో పుటలోనుంచి సందేశాలు పంపుకొనే ఏర్పాటును కూడా తీసివేశారు. ఇచ్చినవారు తీసుకున్నారు, అడగడానికి మనకు హక్కు లేదు. అందువల్ల ఒకే జాబితాను నమ్ముకోక, గూగుల్‌తోపాటు జస్ట్‌డయల్, స్వదేశీ పటమైన మ్యాపుల్స్ వంటివాటిలో కూడా అదే పేరు, అదే చిరునామా, అదే నంబరు ఒక్క అక్షరం తేడా లేకుండా నమోదు చేసుకోవాలి. తన దగ్గరకు వచ్చినవారి పేర్లు, వారికి చేసిన పని, తేదీ ఒక పుస్తకంలో వ్రాసుకోవాలి. ఆ పుస్తకాన్ని ఏ సంస్థా మూసివేయలేదు.

అందరికీ ఈ జాబితా ఒకేవిధంగా ఉపయోగపడుతుందని చెప్పలేము. వీధిలోని ఇరవై ఇళ్లకే బట్టలు ఇస్త్రీ చేసేవానికి దీనితో పెద్దగా పని లేదు. ఆ ఇరవై ఇళ్లకూ అతను తెలుసు. చేతినిండా పని ఉన్న మేస్త్రీకి ఫోన్లు ఎక్కువైతే చిరాకే మిగులుతుంది. తనకు ఉపయోగపడుతున్నదో లేదో తెలుసుకోవడానికి మార్గం సులభమైనదే. ఆ పుటలోనే ఎందరు ఫోను చేశారు, ఎందరు దారి అడిగారు, ఏ మాటలతో వెదికి వచ్చారు అన్న లెక్క యజమానికి కనబడుతుంది. "కుక్కరు రిపేరు" అని వెదికి వచ్చినవారు ఎక్కువగా ఉంటే, ఆ పని నేర్చుకోవడం లాభమని మిక్సీలు బాగుచేసేవానికి అర్థమవుతుంది. దీనికితోడు కొత్తగా వచ్చిన ప్రతివారినీ "మా దుకాణం సంగతి మీకు ఎలా తెలిసిందండీ?" అని అడిగి, జవాబును పుస్తకంలో పేరుపక్కన వ్రాసుకోవాలి. ఒక నెల గడిచేసరికి సంగతి తేటపడుతుంది. కొందరు పటంలో చూశామంటారు, కొందరు బోర్డు చూశామంటారు. "మా పక్కింటివారు చెప్పారండీ, దారి మాత్రం ఫోనులో చూసుకొని వచ్చాము" అనేవారు కూడా ఉంటారు. వారికి రెండు గళ్లలోనూ గుర్తు పెట్టాలి.